పట్టపగలు కర్టెన్లు వేసిన వీధి

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. హైదరాబాద్‌లో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎవరైనా "అంతా బాగానే ఉంది" అన్నారంటే చాలు, ఎక్కడో ఏదో తేడా ఉందని వెతకడమే నా పని. పెళ్ళయి అమెరికాలో మిచిగాన్‌లోని ట్రాయ్ ఊరికి వచ్చాక, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను గానీ ఆ అనుమానపు బుద్ధి మాత్రం పోలేదు. మా ఆయన రోజూ దెప్పేవాడు కూడా. కాబట్టి ఇది నేను ఊరికే నమ్మేసి రాస్తున్నది కాదు.

మా వీధిలో ఆరే ఇళ్ళు. పక్కింట్లో మార్జరీ అనే ఇంగ్లీషు ముసలావిడ ఒక్కతే ఉండేది. అమెరికన్‌ని పెళ్ళి చేసుకుని ఎప్పుడో వచ్చేసింది. భర్త పోయాడు, కొడుకు అరిజోనాలో ఉంటాడు. ఇక్కడ యాభై ఏళ్ళు గడిపినా నోరు విప్పితే ఇంగ్లండ్‌లోని తన చిన్న ఊరే.

2009లో మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఈవిడకి తెలుగు రాదు. అయినా రోజూ మధ్యాహ్నం మా ముందుగదిలో ఇద్దరికీ టీ, కబుర్లు. అటూ ఇటూ చెప్పలేక నా ప్రాణం పోయేది.

మార్జరీ వాళ్ళ ఊళ్ళో తెల్లారకముందే బేకరీ వెనక తలుపు తడితే మాడిన రొట్టెలు పిల్లలకు పంచేవారట. చర్చి హాల్లో పళ్ళ జామ్ చేసే పోటీ పెడితే, ఓడినావిడ గెలిచినావిడతో మళ్ళీ వేసవి దాకా మాట్లాడేది కాదట. అమ్మ పడీ పడీ నవ్వింది. "ఆవకాయ దగ్గర మన వాళ్ళూ ఇంతేనని చెప్పవే!" అంది. నాకు మాత్రం అనుమానమే. అంత చక్కటి ఊరైతే భర్త పోయాకైనా ఈవిడ తిరిగి ఎందుకు వెళ్ళనట్టు? సగం కల్పించి చెబుతోందనుకునేదాన్ని.

ఒకరోజు ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ వీధిలో ఎవరైనా పోతే పట్టపగలే అన్ని ఇళ్ళవాళ్ళూ వీధివైపు కర్టెన్లు వేసేసేవారట. ఒక ఇంటిని చూసి ఇంకో ఇల్లు. శవపేటిక వీధి దాటేదాకా తీసేవారు కాదట.

"మా వీధిలో శవం లేచేదాకా ఎవరూ పొయ్యి వెలిగించరని చెప్పు," అంది అమ్మ. చెప్పాను. మార్జరీ మా అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత నావైపు తిరిగింది. "చావంటే నాకు భయం లేదు డియర్. ఎవరికీ తెలియకుండా ఈ ఇంట్లో రోజుల తరబడి పడి ఉండటమే భయం. నేను పోతే నువ్వైనా కర్టెన్ వేస్తావా?" అంది. వేస్తానని మాటిచ్చాను. తన ఇంటి తాళంచెవి ఒకటి మాకు ఇచ్చి వెళ్ళింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం పాపని స్కూల్లో దింపి ఇంటికి వచ్చేసరికి మా ముందుగది కర్టెన్లు వేసి ఉన్నాయి. వెళ్ళేముందు నేనే తీశాను. కిటికీ దగ్గర కరివేపాకు కుండీ ఉంది, మిచిగాన్ చలిలో దాన్ని బతికించుకోవడమే గగనం, కాబట్టి ఆ పని ఎన్నడూ మర్చిపోను.

"అమ్మా, కర్టెన్లు ఎందుకేశావ్? చెట్టు చస్తుంది!" అని అరిచాను.

"నేనెందుకేస్తానే? పొద్దుట్నుంచీ వంటింట్లోంచి కదిలితే కదా!"

నమ్మలేదు. విసుగ్గా కర్టెన్లు పక్కకి లాగి తెరిచాను. ఎదురుగా శ్రీధర్ గారింట్లో కిటికీకి తాడుతో దించే బ్లైండ్స్ పూర్తిగా దించి ఉన్నాయి. ఆ పక్కింట్లోనూ అంతే. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. అందరూ ఆఫీసులకు వెళ్ళిపోయిన వేళ అది. ఇదేదో మార్జరీ అందరికీ చెప్పి ఆడిస్తున్న నాటకమని ఒళ్ళు మండింది.

అమ్మ నా వెనక నిలబడి వీధిలోకి చూసింది. వెళ్ళి స్టవ్ ఆపేసింది. "ఎవరో పోయారే. పద, ముందు పక్కింటికి పోదాం," అంది.

నేను తెరిచిన మా కిటికీ కాక, వీధి మొత్తానికి మార్జరీ ఇంట్లోనే కర్టెన్లు తీసి ఉన్నాయి. తాళం తీసి వెళితే ముందుగదిలో నేల మీద పడి ఉంది. ప్రాణం ఉంది. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే అమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. పడినచోటు నుంచి కిటికీలోంచి ఎదురిళ్ళు కనబడుతున్నాయి. ఆవిడ అటే చూస్తోంది.

"అందరూ కర్టెన్లు వేశారే. ఎవరు పోయారు డియర్?" అని అడిగింది.

ఎవరూ పోలేదన్నాను.

"ఊరికే వేయరు," అంది. మొహంలో భయమన్నది లేదు. అంబులెన్స్ వచ్చేదాకా కిటికీ మీంచి చూపు తిప్పలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పోయింది.

నేను ఊరుకుంటానా? మర్నాడు ఇంటింటికీ వెళ్ళి అడిగాను. భర్త వేశాడేమోనని భార్య, భార్య వేసిందేమోనని భర్త. శ్రీధర్ గారు వరంగల్ మనిషి, ఆయనైతే నవ్వేశారు. "మా బ్లైండ్స్ తాడు తెగి ఏడాదైతుందమ్మా. సగం కాడ ఇరుక్కున్నయ్, కిందికి రానే రావు. మీరు వేరే ఇల్లు చూసినట్టున్నరు," అని పట్టుకుని లాగి చూపించారు. నేనూ లాగాను. కదల్లేదు. ముందురోజు అవి కిందిదాకా దిగి ఉండటం అమ్మా నేనూ ఇద్దరం చూశాం.

మార్జరీయే అందరితో చేయించిందనుకుందాం. మరి ఎవరు పోయారని తనే ఎందుకు అడుగుతుంది? మా ఇంటివరకు అమ్మే వేసిందని చాలాకాలం సరిపెట్టుకోవాలని చూశాను. కుదర్లేదు. ఎందుకో చెబుతాను.

అంబులెన్స్ వెళ్ళాక, ఆవిడ ఇక తిరిగి రాదనిపించి, ఇచ్చిన మాట గుర్తొచ్చి, కర్టెన్లు వేద్దామని ఇంటికి పరుగెత్తాను. నేను తెరిచిన కర్టెన్లు మళ్ళీ వేసి ఉన్నాయి. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. అమ్మ అప్పటిదాకా నాతోనే ఉంది, ఇంకా మార్జరీ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

అంత్యక్రియలు అయ్యేదాకా వాటిని తీయలేదు. కరివేపాకు ఆకులన్నీ రాల్చేసింది. రాల్చనీ అనుకున్నాను.

మాట ఇచ్చింది నేను. నాకంటే ముందు దాన్ని నిలబెట్టింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.