ఈసారి తాండ్ర చాప దగ్గర మా అన్నయ్య

మా చిన్నప్పుడు వేసవి వస్తే తాండ్ర చాప దగ్గర పొద్దస్తమానం ఒక మనిషి కూర్చోవాలి... ఆ మనిషిని నేనే.

ముసునూరు దగ్గర మా ఊరు. గాలివానకు రాలిన రసాల మామిడిపళ్ళను తోట ఆసామి కూలివాళ్ళకు వదిలేసేవాడు. అమ్మ వాటిని పిండి, బెల్లం కలిపి, వాకిట్లో తాటాకు చాప మీద పూత వేసేది. ఒక పూత ఎండాక దాని మీద ఇంకోటి... కాకులు, కోళ్ళు, మేకలు, ఈగలు... అన్నిటికీ కలిపి నా చేతిలో ఒక్క వేపమండ.

ఆ ఏడు బెజవాడలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీలు వచ్చిందని తోటలో అందరి నోటా అదే మాట. మా ఇద్దరినీ తీసుకెళ్తానన్నాడు నాన్న. ముందు రోజే తలంటుకుని, ఉన్న ఒక్క మంచి గౌనూ తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారి గుమ్మం దాటబోతూ అన్నయ్య అడిగాడు. "అమ్మ కోతకు పోతుందిగా... చాప ఎవరు చూస్తారు నాన్నా?"

అంతే... అందరూ నా వైపు చూశారు.

"చిన్నపిల్ల, వచ్చే ఏడు చూస్తుందిలే" అన్నాడు నాన్న.

పొద్దుగూకేదాకా ఆ గౌనుతోనే కూర్చున్నాను.

అన్నయ్య ఒక రేకు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "పైకెక్కితే మన వాకిలి కనపడిందే. నువ్వు కునుకుతున్నావు, కాకి చాప మీదుంది. చెయ్యి కూడా ఊపాను, నువ్వే చూడలేదు" అన్నాడు. అమ్మ వెళ్ళి చూస్తే చాప మీద నిజంగానే కాకి పొడిచిన గుంట. కాకి పొడవని తాండ్ర ఎక్కడైనా ఉంటుందా... అయినా నా వీపు మోగిపోయింది.

ఆ "వచ్చే ఏడు" రానేలేదు. నేను మాత్రం చాన్నాళ్ళు బెజవాడ వైపు ఆకాశంలోకి చూస్తూనే ఉన్నాను... పైనుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని. అన్నయ్య ఆ కథ నా పెళ్ళిలో చెప్పాడు, నా పిల్లలకు చెప్పాడు, చివరికి మనవలకూ చెప్పాడు. నవ్వినవాళ్ళందరూ నాకు గుర్తే.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్లో కొడుతోంది. ఒక్క ముక్క తగ్గించినా ఊరుకోనని ముందే చెప్పాను. ఇన్నాళ్ళూ అన్నయ్య వైపు కథే విన్నారు, ఇప్పుడు నా వైపు కూడా వినండి.

ఈ వేసవిలో మా అబ్బాయి అందరం హైదరాబాదు దగ్గర పెద్ద పార్కుకు పోదామన్నాడు, కానీ ఖర్చుకు భయపడ్డాడు. దారి నేను చెప్పాను. ఆదివారం మానేసి వారం మధ్యలో వెళ్దామన్నాను. టికెట్లు ముందే తీసుకుంటే తక్కువకు వస్తాయని మనవరాలు ఫోన్లో చూసింది. రాత్రికి మా చిన్నమ్మాయి ఇల్లు ఉండనే ఉంది. లోపలికి తిండి తీసుకెళ్ళనివ్వరట... పులిహోర వ్యానులోనే తినేసి దిగితే సరి. నీళ్ళలో దిగే నైలాను బట్టలు అక్కడ అద్దెకు తీసుకోవడమెందుకు, నూజివీడు బజారులో కొనుక్కుంటే ఏటా వాడుకోవచ్చు.

అన్నీ కుదిరాయి. వ్యానులో ఒక్క సీటు మిగిలింది. ముసలివాళ్ళం ఇద్దరం, నేనూ అన్నయ్యా.

"అత్తయ్యా, అక్కడ మీరు ఎక్కేవి ఏముంటాయండీ... టికెట్ దండగ" అంది కోడలు.

పక్కింట్లోనే ఉంటాడు అన్నయ్య. అప్పటికే వచ్చి మా మంచం మీద కూర్చున్నాడు. "ముందు సీటు నాదిరా అబ్బాయ్. చెల్లాయి ఉంటుందిలే, తాండ్ర ఎండలో ఉందిగా" అన్నాడు.

అదే మాట... అదే గొంతు. పళ్ళు ఊడాయి, అంతే తేడా.

"నువ్వు ఎప్పుడో చూసేశావుగా అన్నయ్యా. జెయింట్ వీలు ఎక్కావు, పైనుంచి మన వాకిలి కూడా చూశావు. చూసినవాడికి మళ్ళీ టికెట్ అంటే దండగ కాదటే అమ్మాయ్?"

మా అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు.

అన్నయ్య తల దించుకున్నాడు. "నేను ఎక్కలేదే... దాన్ని చూస్తేనే కాళ్ళు వణికాయి. నాన్న ఎంత చెప్పినా కిందే నిలబడ్డాను. అందుకే పోయేలోపు ఒక్కసారి..."

ఎక్కి ఉంటే కొంత క్షమించేదాన్నేమో. నా వంతు లాక్కుపోయి, దాన్ని తనతో పాటు కిందే నిలబెట్టి తిరిగొచ్చాడట. పైగా నా వీపు వాయగొట్టించాడు.

"అయితే ఈసారీ కిందే ఉండు" అన్నాను.

పార్కులో నైలాను లాగూ చొక్కా వేసుకుని నీళ్ళలో దిగాను. నవ్వేవాళ్ళు నవ్వారు. సాయంత్రం చీర కట్టుకుని జెయింట్ వీలు ఎక్కాను. పైకి వెళ్ళి ఆగింది. కళ్ళు మూసుకోలేదు. ఇంటికి వీడియో కలపమన్నాను మనవరాలిని.

తెరలో అన్నయ్య మొహం... నెత్తిన తువ్వాలు, చేతిలో వేపమండ. వెనకాల మా వాకిలి, చాప.

"ఏం కనపడుతోందే పైనుంచి?" అన్నాడు.

"నువ్వే కనపడుతున్నావు. వెనక్కి చూడు, చాప మీద కాకి."

గబుక్కున తిరిగి వేపమండతో అదిలించాడు. కాకి నిజంగానే ఉంది... నేను అబద్ధం చెప్పను. మళ్ళీ ఫోన్ వైపు తిరిగి, మెల్లగా చెయ్యి ఊపాడు.

నేను ఊపలేదు.

ఇప్పుడు తాండ్ర కొట్లో ప్యాకెట్లలో దొరుకుతోంది. మా వీధిలో చాప పరిచే వాకిలి మాదొక్కటే మిగిలింది. మండ పట్టుకుని కూర్చునే చిన్నపిల్లలు లేరు... అది మంచిదే. ఆ ఎండలో తాండ్ర వాసన మాత్రం ఇప్పటికీ ముక్కు వదలదు.

మిమ్మల్నీ ఇంటి దగ్గర కాపలా పెట్టి ఊరు చూడ్డానికి పోయిన వాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఎవరో ఏంటో కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. వాళ్ళు ఇంకా బతికే ఉంటే... ఆలస్యం చెయ్యకండి.