వంతెన మీంచి విసిరిన మాత్రల షీటు

కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే జనం గోదావరిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటారు. నేను ఆ రోజు జేబులోంచి షుగర్ మాత్రల షీటు తీసి విసిరాను. పెట్టెంతా లేచి చప్పట్లు కొట్టింది. అంటే, ఎవరూ లేవలేదు. చప్పట్లూ లేవు. ఎదురు సీట్లో మా తమ్ముడు మాత్రం నోరు తెరుచుకుని చూశాడు.

"ఇకనుంచి మెంతులూ, నడకా, అంతే. నా షుగర్ పోయింది," అన్నాను.

ఆ షీటు ఖాళీది. నిండువి లోపలి జేబులో ఉన్నాయి. ఇంటికెళ్ళగానే ఒకటి వేసుకున్నాను కూడా. నా మాటలకి వాడి కళ్ళు పెద్దవవుతాయి. అది చూడటం చిన్నప్పటినుంచీ నాకో సరదా.

వాడికీ షుగరే. తర్వాతి ప్రయాణంలో వాడూ విసిరాడట. వాడివి నిండువి.

కొన్నేళ్ళకి వాడి లివర్‌లో కేన్సర్ గడ్డ బయటపడింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. సగం లివర్ తీసేశారని ఊరంతా చెప్పాను. తీసింది చిన్న ముక్కే. గడ్డ శుభ్రంగా వచ్చేసిందన్నారు. కుట్టు మాత్రం మానలేదు, చీము పట్టింది. ఆపరేషన్‌కి ముందు ఇన్సులిన్‌తో దించినా, ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగర్ గాయాన్నీ, మిగిలిన లివర్‌నీ త్వరగా కోలుకోనివ్వదన్నారు డాక్టరు గారు. గడ్డ తిరిగొచ్చే భయమూ అలాంటివాళ్ళకి ఎక్కువేనట. ఇన్నాళ్ళూ ఏం మందులు వాడారని అడిగారు.

"బావగారికి మందుల్లేకుండానే తగ్గిందండి. ఈయనా అలాగే మానేశారు," అంది మా మరదలు.

నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ సాయంత్రం తమ్ముడి మంచం దగ్గర కూర్చుని, నాది ఖాళీ షీటని చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఖాళీదా?" అన్నాడు. ఫ్యాను కేసి చూస్తూ, "రైలు దిగాకైనా చెప్పొచ్చు కదా అన్నయ్యా," అన్నాడు.

కుట్టు ఎప్పటికో మానింది. ఇప్పుడు వాడు ఇన్సులిన్ తప్పడు. మొన్నటి స్కాను రిపోర్టు నేనే డాక్టరు గారికి చూపించాను, అందులో మళ్ళీ చిన్న మచ్చ కనబడింది. షుగర్ వల్లేనా అంటే, చెప్పలేమన్నారు డాక్టరు గారు. మచ్చ చిన్నదే, వైద్యం ఉంది అని కూడా అన్నారు. ఆ మాట పట్టుకుని ఆటోలో వాడింటికి వెళ్ళాను. ఒక్క ముక్క కలపకుండా చెప్పాను.

అంతా విని, వాడు పెళ్ళాం వైపు తిరిగాడు.

"డాక్టరు గారు నిజంగా అలాగే అన్నారో లేదో, ఓసారి ఫోన్ చేసి కనుక్కో."