సింహాలమ్మ గోడ, మా పెరటి స్లోపు

మా చిన్నప్పుడు... బొబ్బిలి దగ్గర మా ఊళ్లో, పెరట్లో నూతి పక్కన సిమెంటు గచ్చు వేయించారు. వానాకాలం బురదలో జారి మా మామ్మ కాలు బెణికింది... అందుకని నాన్న తాపీమేస్త్రి అప్పన్నని పిలిచారు.

పని మధ్యలో అప్పన్న "సులోపు సాల్లేదు" అన్నాడు. మూడో తరగతి చదువుతున్న నేను ఇంట్లోకి పరుగెత్తి సబ్బు తెచ్చిచ్చాను... బళ్లో 'సోప్' అంటే సబ్బని అప్పుడే నేర్పారు మరి. అందరూ నవ్వారు. మామ్మ మాత్రం "సులోపంటే ఏటిరా?" అని అప్పన్ననే అడిగింది.

నీళ్లు నిలవకుండా ఒక పక్కకి పోయేలా పెట్టే ఏటవాలు అని చెప్పాడు.

"వాటం అని సెప్పొచ్చు గదా" అంది మామ్మ.

గచ్చు కాస్త గట్టిపడ్డాక అప్పన్న చెంబుతో నీళ్లు పోసి చూపించాడు. చక్కగా జారాయి... జారి పక్కింటి సింహాలమ్మ మట్టిగోడ మొదట్లోకి పోయాయి.

మా దూడ ఆవిడ బెండమొక్కలు మేసేసిన నాటి నుంచీ ఆవిడకీ మామ్మకీ మాటల్లేవు. అయినా మామ్మ కుంటుకుంటూ వెళ్లి ఆ గోడని చేత్తో తడిమింది.

"ఈ గోడ నానిపోతాది. వాటం మనేపు తిప్పీరా అప్పన్నా."

మళ్లీ వేయాలంటే ఇంకో రోజు పడుతుందని అప్పన్న నసిగాడు. మనతో మాటే ఆడని మనిషి కోసం ఇంత పనెందుకని నాన్న విసుక్కున్నారు.

"మాటాడకపోతే ఏటి? ఆ గోడ పక్కనే అది పడుకుంటాది" అంది మామ్మ.

మర్నాడు గచ్చు పగలగొట్టి మళ్లీ వేశారు. గోడవతల సింహాలమ్మ అంతా విన్నట్టుంది. ఆ మర్నాటి పొద్దున్నే పెరటి దారిన వచ్చి, ఎవరినీ పలకరించకుండా నూతిలోంచి నీళ్లు తోడి కొత్త గచ్చు తడపడం మొదలుపెట్టింది. మామ్మ లేవబోతే అప్పుడు నోరు విప్పింది.

"నువ్వు కూకో వదినా... నాను తడుపుతాను."

వారం రోజులు రెండు పూటలా ఆవిడే తడిపింది...

ఇప్పుడు నేనుండేది శ్రీకాకుళంలో ఫ్లాటులో. బాత్రూముల్లో స్లోపు బ్రహ్మాండంగా ఉంది... కానీ గోడవతల ఎవరు పడుకుంటారో నాకు తెలీదు.

మీ ఇళ్లల్లోనూ ఇలా మేస్త్రీలు తెచ్చిపెట్టిన ఇంగ్లీషు మాటలున్నాయా? ఆ మాటతో పాటు గుర్తొచ్చే మనిషి గురించి కూడా రాయండి...