ఇచ్చిన మాటల్లో లేనిది

మా పక్కింటి రీజనింగ్ మాస్టారు పోయిన బుధవారం పొద్దున చనిపోయారు. యాభై ఒక్క ఏళ్లు. రామచంద్రపురంలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ఆయన వరండాయే తరగతి. మా మనవరాలూ అక్కడే చదివింది, నేను మాన్పించేదాకా.

రెండు చిన్న వాక్యాలు బోర్డు మీద రాసి, వాటినుంచి ఏం తేలుతుందో అడిగేవారు. "కొన్ని మామిడికాయలు పులుపు. బుట్టలో ఉన్నవన్నీ మామిడికాయలు. మరి బుట్టలోవి పులుపేనా?"

"ఒకటి కొరికి చూస్తే సరి మాస్టారూ!" అంది మా పిల్ల.

"పరీక్ష హాల్లో ఉప్పూకారం ఇవ్వరమ్మా. వాక్యంలో ఉన్నదే తీసుకో. నీకు తెలిసింది అందులో కలపకు."

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. గోడ ఇవతలనుంచి విని, చెప్పడమంటే ఇదీ అనుకున్నాను.

మంగళ, శుక్రవారాలు ఆయన చేతిసంచితో యానాం బస్సెక్కేవారు. సాయంత్రం వడలిన ముఖంతో, తూలుతూ దిగేవారు. మావాళ్లు యానాం ఎందుకు వెళ్తారో వీధిలో పసిపిల్లలకూ తెలుసు. అక్కడ మందు సీసా చవక. ఒకరోజు గేటు దగ్గర ఆపాను.

"వారానికి రెండుసార్లు యానాంలో ఏంటి పని మాస్టారూ?"

"చిన్న పనేనండి పిన్నిగారూ."

"ఆ పనేంటో నాకు తెలుసులెండి. రేపటినుంచి మా పిల్ల రాదు."

"ఆయ్, మీ ఇష్టమండి. పరీక్ష నెల్లాళ్లే ఉంది. నోట్సు మాత్రం పంపిస్తానండి."

పంపించారు. అడిగిన తల్లులకు నేను కారణం చెప్పాను. మరో ఆరుగురు పిల్లలు మానేశారు. వరండాలో ఇద్దరు మిగిలారు. మా మనవరాలు ఆ నోట్సుతోనే పాసైంది. ఆ మాట చెప్పడానికైనా నేను ఆయన గడప తొక్కలేదు.

యానాం వెళ్లేవాళ్లలో కొందరు తాగుతారు. ఆయన యానాం వెళ్తారు. ఈ రెంటినుంచీ ఏమీ తేలదు. మా పిల్ల మొదటి వారంలోనే నేర్చుకున్న పాఠం అది.

బుధవారం స్నానం చేయించడానికి ఆయన ఎప్పుడూ వేసుకునే నిండుచేతుల చొక్కా తీశారు. ఎడమ చేతి నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. వాటి పొడవునా సూది మచ్చలు.

"ఇవేంటమ్మా?" అని ఆయన భార్యను అడిగాను.

"డయాలసిస్ అండి పిన్నిగారూ. మూడేళ్లుగా యానాం ఆసుపత్రిలో. మాస్టారు మధ్యలో పోతాడేమోనని పిల్లలు మానేస్తారు, ఎవరికీ చెప్పకు అన్నారండి."

ఆయన తాగేవారు కాదు. నేను తప్పు చెప్పాను. ఇది నా మాటగానే ఆ ఆరుగురి ఇళ్లకూ చేరాలని రాస్తున్నాను.

ఎవరో ఆ చేతి మీద చెంబుతో నీళ్లు పోశారు. ఆ తల్లులూ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లు ఆ చేతిని చూడడం లేదు. నన్ను చూస్తున్నారు.