ఎస్టీడీ బూత్‌ల ఒర్రుడు

ఇయ్యాల డ్యూటీల ఉన్నప్పుడు హెడ్‌ఫోన్‌ల ఒక అవ్వ గట్టిగ ఒర్రింది: "బిడ్డా, నా ఫోన్ నడుస్తలేదు, మనుమరాలి ఫోన్ల కెల్లి చేస్తున్న, జర సూడు!"

ఆ ఒర్రుడుకు కొడకండ్ల బస్టాండుకాడ మా నాయిన పెట్టిన ఎస్టీడీ బూత్ యాదికొచ్చింది. మీకు గుర్తుందా? పసుపుపచ్చ బోర్డు, అద్దాల తలుపు, లోపట ప్లైవుడ్ వాసన, చెమట వాసన. తలుపేసుకున్నా, బొంబాయిల ఉన్న కొడుకుతోని మాట్లాడెటోళ్ల మాటలు బస్టాండంత ఇనపడేటియి. "ఒర్రనియ్యిండ్రి, మనసు తేలికైతది" అని నాయిన నవ్వెటోడు. ఖాళీగ ఉంటే నేను సుత లోపటికి దూరి, ఉత్త రిసీవర్ పట్టుకొని ఒర్రేదాన్ని.

ప్రైవేటు ఫోన్ కంపెనీలొచ్చినంక బూత్ మూతపడ్డది. గసొంటి కంపెనీ కాల్‌సెంటర్లనే ఇప్పుడు నా నౌకరి. ఈడ కూడా అద్దాలే. ఊరి మాట ఒక్కటి నోట్లకెల్లి వస్తే మార్కులు కోస్తరు. సూపర్‌వైజర్ మేడమ్ ఎన్కకెల్లి మా కాల్స్ ఇంటనే ఉంటది.

"మాది దేవరుప్పుల. నీదే ఊరు బిడ్డా?" అన్నది అవ్వ.

మా పక్క మండలమే. కొడకండ్ల అనే మాట పెదవులదాంక వచ్చింది.

"క్షమించండి, ఆ వివరాలు చెప్పలేమండి. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

అవ్వ పక్కనున్న మనుమరాలితోని అన్నది, నాకు సాఫ్‌గ ఇనపడ్డది: "మనిషి గాదే ఇది, మిషిను. పెట్టెయ్."