చూసొచ్చానని చెప్పిన ఇల్లు

1979 జనవరి నెలాఖరున నాకు రెండు నెలల వార్షిక సెలవు మంజూరైంది. అప్పటికి నేను పంజాబులో ఒక సిగ్నల్స్ యూనిట్‌లో లాన్స్ నాయక్‌ని. సిపాయికి ఒక మెట్టు పైన, నాయక్‌కి ఒక మెట్టు కింద, చేతి మీద ఒక్క పట్టీ. ట్రేడు వైర్‌లెస్ ఆపరేటర్. సొంత ఊరు నర్సీపట్నం. తరువాత సుబేదారుగా రిటైరయ్యాను. మిలట్రీలో పనిచేశానంటే అందరూ యుద్ధం గురించి చెప్పమంటారు. డెబ్బై ఒకటి యుద్ధం నేను ట్రైనింగ్ సెంటర్లో బూట్లు పాలిష్ చేస్తుండగానే అయిపోయింది. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఈ సెలవు సంగతి. ఇది తలెత్తుకుని చెప్పుకునేది కాదు.

శాంతి కాలంలో సిపాయి జీవితం జనం అనుకునే దానికన్నా చాలా మామూలుగా ఉంటుంది. తెల్లవారకముందే ఇనుప మగ్గులో టీ, తరువాత పీటీ, టిఫిను, ఆపైన వైర్‌లెస్ సెట్ల శుభ్రత. బ్యాటరీల్లో నీళ్లు చూడడం, ఏరియల్ తీగలు తుడవడం, మోర్స్ సాధన. వంతుల ప్రకారం సెట్ మీద డ్యూటీ. సాయంత్రం గేమ్స్ పెరేడ్, అంటే ఆటలు కూడా హాజరు పిలిచి ఆడించేవారు. నాకు ఆ గంట కోసమే మిగతా రోజంతా గడిచేది. నేను వాలీబాల్ ఆడేవాణ్ణి. నెట్ దగ్గర ఎగిరి కొట్టే షాటర్‌ని. యూనిట్లన్నిటికీ కలిపి ఉండే కమాండ్ జట్టులో చోటు సంపాదించాలన్నది ఆ రోజుల్లో నా కోరిక. నాయక్ కావాలన్న కోరిక దాని తరువాతే.

మా కంపెనీలో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు దావీదు. కొయ్యూరు దాటాక కొండల్లో ఒక చిన్న ఊరు వాళ్లది. తాతల నాటి నుంచి మిషన్ చర్చి కుటుంబం. ఇద్దరం ఒకే రోజు భర్తీ అయ్యాం, పక్కపక్క మంచాలు. అతనికి ఆటలు పట్టవు. తీరిక దొరికితే హెడ్‌ఫోన్లు తగిలించుకుని మోర్స్ వింటూ కూర్చునేవాడు. మా ట్రేడులో పై మెట్టైన క్లాస్ వన్ ఆపరేటర్ కావాలన్నది అతని పట్టుదల. దానికి మధ్యప్రదేశ్‌లో నాలుగు నెలల కోర్సు ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ కోర్సుకి అతని పేరు పిలిచారు. కానీ అతని వార్షిక సెలవు వంతు కూడా ఏప్రిల్లోనే వచ్చింది. కోర్సుకి వెళితే ఆగస్టు దాకా ఇంటి ముఖం చూసే వీలు లేదు. సెలవు తీసుకుంటే కోర్సు పోతుంది, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

పటాలంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు సెలవు మీద బయల్దేరినా, ఆ వైపు వాళ్లంతా తమ ఇళ్లకు చేర్చమని ఏదో ఒక మూట ఇచ్చేవారు. మూట చేర్చడం సగం పనే. ఇంటికి వెళ్లి మనుషుల్ని చూసి, ఎలా ఉన్నారో తిరిగొచ్చాక మంచం మీద కూర్చోబెట్టుకుని చెప్పడం మిగతా సగం. ఫోన్లు లేని రోజులు. ఉత్తరాలన్నీ ఇచ్చట క్షేమం, అచ్చట క్షేమం. ఆ తిరిగొచ్చినవాడి నోటి మాటే మాకు అసలు ఉత్తరం.

దావీదు భార్య పేరు రూతమ్మ. పెళ్లై మూడేళ్లు. చదువు రాదు, ఆవిడ ఉత్తరాలు ఊరి చర్చి పాస్టరుగారే రాసిపెట్టేవారు. నేను ఆ పెళ్లికి వెళ్లాను. దావీదు నాకు ఒక ఊలు శాలువా ఇచ్చి, నా పెట్టె మూతపడేదాకా పక్కనే నిలబడ్డాడు.

"పాస్టరుగారు రాసే ఉత్తరాలన్నీ ఒకలాగే ఉంటాయిరా నూకరాజూ. నువ్వెల్లి సూసి రా. అది బాగుంటే కోర్సుకెల్తాను. నేదంటే సెలవెట్టి ఇంటికెల్పోతాను. నువ్వేటి సెప్తే అదే," అన్నాడు.

సరే అన్నాను.

నర్సీపట్నం చేరిన మూడో రోజుకే మా వీధి కుర్రకారుకి నేను మిలట్రీ షాటర్‌నని తెలిసిపోయింది. కాలేజీ మైదానంలో టోర్నమెంటు జరగబోతోంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, గొలుగొండ నుంచి కూడా జట్లు వస్తున్నాయి. మా జట్టుకి నేను కావాలన్నారు. అడిగించుకోవడం నాకు బాగుంది. పొద్దున సాధన, సాయంత్రం సాధన. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర పటాలం కబుర్లు. యూనిట్‌లో నేను ఆరుగురి జట్టుకి ఏడో మనిషిని. ఇక్కడ నేను బంతి కొడితే జనం చప్పట్లు కొట్టేవారు. మనిషికి ఇంతకన్నా మత్తు ఏం కావాలి.

మా అన్నయ్య చెరకు పొలం నుంచి వచ్చినప్పుడల్లా ఒకే మాట అడిగేవాడు. "కొయ్యూరు పని అయిపోనాదేటి?"

రేపెల్తాననేవాణ్ణి. ఒకరోజు అన్నయ్య, బస్సు దిగాక నడవడం కష్టమైతే అక్కడ తెలిసినవాళ్ల సైకిలు ఇప్పిస్తాను, బేగి ఎల్లి వచ్చేయమన్నాడు. ఆ పూట మాకు గొలుగొండ జట్టుతో ఆట ఉంది. కొయ్యూరుకి బస్సులో రెండు గంటలు, అక్కడి నుంచి గంటన్నర నడక. పొద్దున వెళ్లినవాడు చీకటి పడేలోగా ఇల్లు చేరగలడు. వాగులు పొంగలేదు, బస్సులు ఆగలేదు, నాకు జ్వరం రాలేదు. వెళ్లకపోవడానికి ఇప్పటికీ నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు.

టోర్నమెంటులో మేము రెండో ఆటలోనే ఓడిపోయాం. ఆ తరువాత కూడా మూడు వారాల సెలవు మిగిలింది. ఓడిపోయిన చిన్నతనంతో కొన్నాళ్లు, పెళ్లి భోజనాలతో కొన్నాళ్లు గడిచిపోయాయి. చివరి ఆదివారం చర్చి దగ్గర నిలబడి, సంతకు వచ్చి ప్రార్థనకి ఆగిన కొయ్యూరు వైపు మనిషిని వెతికి పట్టుకుని శాలువా అతని చేతిలో పెట్టాను. రూతమ్మకు ఇవ్వమన్నాను. ఆవిడ ఎలా ఉందని అతన్నైనా అడగలేదు. అడిగితే వెళ్లక తప్పదేమోనని భయపడ్డానో, అడగాలని తోచనే లేదో, ఇన్నేళ్ల తరువాత నిజాయితీగా చెప్పలేను.

సెలవు నుంచి తిరిగొచ్చిన సిపాయి ముందు సెలవు సర్టిఫికెట్ అప్పగించాలి. తరువాత అంటురోగాలేవీ మోసుకు రాలేదని వైద్య పరీక్షలో తేలాలి. అప్పుడే బ్యారక్‌లోకి రానిస్తారు. నేను ఆ తతంగం ముగించుకుని వచ్చేసరికి దావీదు నా మంచం దులిపి, దుప్పటి పరిచి, టీ తెచ్చి పెట్టాడు. కోర్సుకి వెళ్తాడో లేదో ఆ సాయంత్రమే ఆఫీసులో చెప్పాలి.

వెళ్లలేదని చెబుదామనే అనుకున్నాను. నోరు తెరిచాను, వేరే మాట వచ్చింది. వెళ్లానన్నాను. బాగుందన్నాను. అంతటితో ఆగి ఉంటే దావీదుకి అనుమానం వచ్చేదేమో. ఆగలేదు. "ఈది సివరి నుంచే నన్ను గుర్తుపట్టేసింది. నూకరాజు అన్నయ్యగారొచ్చారని పక్కింటోళ్లకి కూడా సెప్పింది," అన్నాను. అన్నం పెట్టిందన్నాను. రెండు బిందెలు నీళ్లు మోసుకొస్తోందన్నాను. అబద్ధం చెప్పేవాడికి వివరాల మీద ఎందుకంత మోజో నాకు ఆ రోజు తెలిసింది.

మా ట్రేడులో మొదటి రోజు నేర్పే నియమం ఒకటుంది. మోర్స్‌లో అక్షరాలు గుంపులుగా వస్తాయి. ఒక గుంపు వినపడకపోతే మళ్లీ పంపమని అడగాలి, లేదా ఖాళీ వదలాలి. ఊహించి నింపకూడదు. అలా నింపినవాణ్ణి సెట్ మీద నుంచి దించేస్తారు, ఎందుకంటే అవతల ఆ కాగితం నమ్మి మనుషుల్ని నడిపించేవాళ్లు ఉంటారు. అప్పటికి ఎనిమిదేళ్ల సర్వీసులో డ్యూటీ మీద నేను ఆ తప్పు ఒక్కసారి కూడా చేయలేదు.

దావీదు కోర్సుకి వెళ్లాడు. అక్కడికి వచ్చిన ఉత్తరంలో శాలువా అందిందని పాస్టరుగారు రాశారట. నా మాటకి అది సాక్ష్యం అయింది. దావీదు మంచి మార్కులతో క్లాస్ వన్ అయ్యి, ఆగస్టులో అక్కడి నుంచే ఇంటికి వెళ్లాడు.

అక్టోబరులో తిరిగొచ్చాడు. నన్ను గేమ్స్ పెరేడ్ నుంచి పక్కకు పిలిచి, స్టోరు గోడ దగ్గర కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. డిసెంబరు కోతల్లో వరి కంకి రూతమ్మ కుడి కంట్లో గుచ్చుకుంది. ఆకుపసరు పోశారు. దూరాన ఉన్న దావీదుకి బెంగ ఎందుకని ఆవిడ ఆ సంగతి ఉత్తరాల్లో రాయించలేదు. కన్ను ఎర్రబడి, పుండై, పువ్వు వేసింది. వేసవి నాటికి ఆ జబ్బు రెండో కంటికీ పాకి మసకేసింది. ఆగస్టులో దావీదు ఆవిడను విశాఖపట్నం తీసుకెళ్లి కంటి ఆసుపత్రిలో చూపిస్తే, కుడి కన్ను పోయిందన్నారు. ఎడమ కంటికి వెలుగు నీడలు తప్ప పెద్దగా మిగలదన్నారు. ఏప్రిల్లో తెచ్చినా ఆ ఎడమ కన్ను దక్కేదన్నారు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను నర్సీపట్నంలో ఉన్నాను. గుమ్మంలో నిలబడి ఆవిడ ముఖం ఒక్కసారి చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోయేది.

దావీదు నా చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. అతను నేల చూస్తూ అన్న మాట వేరు. "అది సెప్పొద్దంటే మాత్రం, నువ్వు నా దగ్గర దాసేస్తావేటిరా? నేను కోర్సు మానేస్తానని అది నీ సేత ఒట్టేయించుకుందంట. నిన్ను దూరం నుంచే గుర్తుపట్టిందని సెప్పమని కూడా అదే అందంట. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టీసినాను. నిన్నేటనను. ఆడమనిషి ఏడ్సి అడిగితే ఏటి సేస్తావు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నేను వెళ్లలేదని ఆవిడ చెప్పలేదు. నా అబద్ధాన్ని దావీదు నోట విని, దాన్ని తన మీద వేసుకుంది. నేను తినాల్సిన తిట్లు ఆవిడ తింది. అప్పుడైనా నిజం చెప్పడానికి నాకు అవకాశం ఉంది. చెప్పలేదు. దావీదు నా భుజం తట్టి లేచాడు. మొదటి అబద్ధానికి బద్ధకం, పరువు కారణాలు అనుకోవచ్చు. ఈ మౌనానికి పిరికితనం తప్ప వేరే పేరు లేదు.

మరుసటి ఏడాది మార్చిలో నాకు మళ్లీ సెలవు వచ్చింది. ఈసారి నర్సీపట్నంలో పెట్టె దింపి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే కొయ్యూరు వెళ్లాను. రూతమ్మ వాకిట్లో కూర్చుని, వేళ్లతో తడిమి చింతపండులో గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడికి తలెత్తి ఎవరండీ అంది. పేరు చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి. లోపలికి పిలిచి మంచం వాల్చింది. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకుని వెళ్లాను. ఎందుకలా చెప్పావమ్మా అని మాత్రం అడగగలిగాను.

"మీరు రానేదని నోటిదాకా వొచ్చిందండి, అన్నయ్యగారూ. ఆపుకున్నాను. నా సూపు ఎలాగూ పోనాది. ఆ దూరంలో ఆయనకి మనోడంటే మీరొక్కరే. మిమ్మల్నీ నమ్మకూడదని తెలిస్తే ఆయన అక్కడెలాగుంటాడు? ఆయన కోసం సెప్పానండి. మీ కోసం కాదు."

తిరిగి వెళ్లగానే దావీదుకి నిజం చెప్పేస్తానన్నాను.

"సెప్పకండి. నామీద కోపం ఆయనకి తగ్గిపోనాది. మీ మీదైతే తగ్గదు. మీకు బరువుగా ఉంటే మోసుకోండి, ఆయన మీదెట్టకండి," అంది. ఆ మాట గొంతు పెంచకుండానే అంది. తరువాత అన్నం తిని వెళ్లమంది. తిన్నాను. కంచం ఆవిడే తడుముకుంటూ తెచ్చి పెట్టింది.

ఆ తరువాత దావీదు, నేను ఇంకో ఆరేళ్లు ఒకే యూనిట్‌లో ఉన్నాం. అతను హవల్దారుగా పెన్షన్ తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు. వీడ్కోలు విందులో నన్ను చూపించి, మాట ఇస్తే ప్రాణం పోయినా దాటని మనిషి అని అందరికీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడాల్సి వచ్చింది. కమాండ్ జట్టులో నాకు చోటు ఎన్నడూ రాలేదు. ఆ సంవత్సరం తరువాత నేను ప్రయత్నించనూ లేదు.

రూతమ్మ ముందు పోయింది. తరువాత మూడేళ్లకి దావీదు పోయాడు. అతను ఉండగా ఇది రాయలేదు. ఆవిడ వద్దన్నదని నాకు నేను చెప్పుకున్నాను, కానీ అడ్డు పడింది ఆవిడ మాట ఒక్కటే కాదని నాకు తెలుసు.

నేను జేసీఓని, అంటే సుబేదారు స్థాయి అధికారిని అయ్యాక, సెలవు నుంచి తిరిగొచ్చిన ప్రతి సిపాయినీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి, ఎవరెవరి ఇళ్లకు వెళ్లావు, ఎవరెవరి ఇళ్లకు వెళ్లలేదు అని. వెళ్లలేదన్నవాణ్ణి ఒక్కసారి కూడా తిట్టలేదు, తిట్టనివ్వలేదు. ఆ చూడని ఇంటి సిపాయికి వెంటనే సెలవు రాయించేవాణ్ణి. 1979 మార్చిలో ఆ సాయంత్రం నేను వెళ్లలేదన్న ఆ ఒక్క మాట అని ఉంటే, దావీదు నన్ను నాలుగు తిట్టి, కోర్సు వదులుకుని, ఏప్రిల్లో ఇంట్లో ఉండేవాడు. నేను ఆ ఇంటికి వెళ్లకపోవడం వల్ల రూతమ్మ రెండో కన్ను పోలేదు. వెళ్లానని చెప్పడం వల్ల పోయింది.