తడిపిన అల్లిగడ్డలు

శుక్రవారం. రేణిగుంట దారిలో బస్సు చెడిపోయి ఎండిన చెరువు పక్కన దిగినవాళ్లం: నేను, నా భార్య, మరో ఆరుగురు. నెర్రెలిచ్చిన మట్టి వాసనకు అవ్వ గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా చెరువు ఎండాక ఒక్కో ఇల్లు ఒక్కో మూలలో అల్లిగడ్డలు, అంటే కలువ దుంపలు, తవ్వుకునేది. కరువు నెలల్లో అవే మాకు తిండి. అవ్వ పెద్దవి తీసి, చిన్నవి వానలకు మళ్లీ మొలవాలని మట్టిలోనే వదిలేది. ఆకులు మాడడం చూసి అవి చచ్చిపోతున్నాయనుకున్నాను. రోజూ చెంబుతో నీళ్లు పోశాను. చిగుళ్లు వచ్చేవి, ఎండకు మాడేవి. మళ్లీ పోసేవాణ్ణి.

వానలకు చెరువు నిండింది. అన్ని మూలలా అల్లి ఆకులు తేలాయి, మా మూలలో తప్ప. అవ్వ బురదలో చెయ్యి పెడితే కుళ్లిన తొక్కలు వచ్చాయి.

"ఎవురబ్బా దీన్ని తడిపింది?"

"నేనే అవ్వా. దానికి దప్పికగా ఉండాదేమోనని."

"ఎండకాలం అది నిద్దరపోతాదిరా. దినామూ లేపితే బతుకుతాదా? పెద్ద సేద్యగాడివి బయల్దేరినావు!"

చేతిలోని తొక్కలు గట్టున పారేసింది. ఎండడం కూడా ఆ మొక్క బతుకులో భాగమేనని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది.

మరునాడు పొద్దున అవ్వ పక్కింటి మునెమ్మను అడిగి రెండు గడ్డలు తెచ్చి, మా మూలలో నాటింది.

"ఇవి పెరిగి పిల్లలెయ్యాల. వచ్చే ఎండకాలం వీటిని తవ్వేది లేదు," అంది. "మనకు ఒట్టి గంజే."